తాంబూలాలకి ముందే అడగాల్సినవి: విశాఖలో సంబంధం వెతకడం, తేల్చుకోవడం

నా మొదటి నిశ్చితార్థం తప్పిపోయినప్పుడు మా నాన్నగారు ఫంక్షన్ హాలుకి కట్టిన యాభై వేల అడ్వాన్సు తిరిగి రాలేదు. అబ్బాయిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అన్నారు. ఆ ఉద్యోగం పోయి అప్పటికే ఎనిమిది నెలలైందని తాంబూలాలు పుచ్చుకున్న మూడు వారాలకి తెలిసింది. సంబంధం తెచ్చిన మధ్యవర్తికి ఆ సంగతి ముందే తెలుసు. నిలదీస్తే, "వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదమ్మా" అని నవ్వేశాడు.

ఉద్యోగం పోవడం తప్పు కాదు. ముందే చెప్పుంటే చేసుకునేదాన్నేమో కూడా.

ఆ తర్వాత ఇంకో రెండేళ్లు వెతికాను. మా చెల్లి సంబంధాలప్పుడు, మా పెద్దనాన్నగారి అబ్బాయి సంబంధాలప్పుడు పక్కన కూర్చున్నాను. వీటన్నిట్లో నాకు అర్థమైంది ఒకటే. 'వద్దు' అనడానికి అయ్యే ఖర్చు రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఫొటో చూసి వద్దంటే ఖర్చు సున్నా. పెళ్లి చూపులయ్యాక వద్దంటే కాస్త మొహమాటం. తాంబూలాలయ్యాక అయితే అడ్వాన్సులు, బంధువుల మాటలు, అమ్మకి బీపీ. తాళి పడ్డాక అయితే కోర్టు, లాయరు, ఏళ్లకి ఏళ్లు. మనవాళ్లేమో అడగాల్సిన అసలు ప్రశ్నల్ని చివరికి నెట్టేస్తారు, లేదా అసలు అడగరు. ఈ కింద చెప్పేదంతా ఆ ప్రశ్నల్ని ముందుకి జరపడం గురించే. అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా పద్ధతి ఒకటే.

మొదటి అడుగు: మీ మూడు షరతులు

ఒక కాగితం మీద మీకు కావలసినవన్నీ రాయండి. ఎత్తు, రంగు, జీతం, సొంతిల్లు, ఒక్కడే కొడుకు కాకూడదు, ఏది తోస్తే అది. తర్వాత ఒక్కో దాని దగ్గరా ఆగి, అది లేకపోతే రోజువారీ బతుకులో నాకు వచ్చే ఇబ్బందేంటి అని మిమ్మల్ని మీరే అడగండి. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే కొట్టేయండి. నా జాబితాలో 'నాకంటే నాలుగంగుళాలు పొడుగు' ఉండేది. కారణం రాయబోతే పెన్ను కదల్లేదు. చివరికి మూడు మిగిలాయి: నా ఉద్యోగం మానను, మా అమ్మానాన్నలకి కొడుకులు లేరు కాబట్టి నా జీతంలో కొంత వాళ్లకి ఇస్తాను, ఇంట్లో చెయ్యెత్తే మనిషి వద్దు.

మూడు దాటాయంటే అవి షరతులు కావు, ఇష్టాలు. ఇష్టాల దగ్గర సర్దుకోవచ్చు, షరతుల దగ్గర కుదరదు.

ఇదే పని అమ్మానాన్నల చేత విడిగా చేయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే అసలు గొడవ ఎక్కడుందో ఆ రోజే బయటపడుతుంది. కులం విషయం కూడా అప్పుడే మాట్లాడేయాలి. మీ మనసులో వేరే కులం వాళ్లైనా ఫర్వాలేదని ఉండి, ఇంట్లో మీ కులం వాళ్లనే వెతుకుతుంటే, ఏడాది పాటు ఇరవై కుటుంబాల చేత ఉప్మా, స్వీట్లు చేయించి తిరిగి వచ్చేయడమే మిగులుతుంది.

రెండో అడుగు: బయోడేటా

ఒక పేజీ చాలు. జీతం చేతికొచ్చేది రాయండి, ఏడాదికి ఇంత ప్యాకేజీ అని కాదు. ఫొటో ఈ ఏడాదిది పెట్టండి. ఇంటి అడ్రస్, ఆధార్ నంబరు పెట్టొద్దు, ఆ కాగితం ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరుగుతుందో మీకు తెలియదు. పెళ్లిళ్ల పేరయ్యకైనా మ్యారేజ్ బ్యూరోకైనా ఫీజు ఎప్పుడు, ఎంత అనేది ముందే మాట్లాడుకోండి. పెళ్లి కుదిరితేనే డబ్బులొచ్చే మనిషి లోపాలు చెబుతాడని ఆశ పెట్టుకోవద్దు.

మ్యాట్రిమోనీ సైట్లో పరిచయమై, విదేశాల్లో ఉన్నామని చెప్పి, నేరుగా కలవకుండానే పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందనో ఆస్పత్రి ఖర్చనో డబ్బు అడిగితే అది మోసమే. డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. సైబర్ మోసాలకి దేశమంతా అదే నంబరు.

మూడో అడుగు: ఎంతమందిని చూడాలి?

"ఏటమ్మా, ఇంకా ఎంతమందిని చూస్తావ్?" అని మా మేనత్త ప్రతి పండక్కీ అడిగేది. దీనికి లెక్కల్లో ఒక జవాబుంది. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, వద్దన్నవాళ్లు మళ్లీ రారు అనుకుంటే, మొత్తంలో మొదటి 37 శాతం మందిని ఊరికే చూసి వదిలేయాలి. ఆ తర్వాత వాళ్లందరికంటే మెరుగైనవాళ్లు ఎవరు ముందొస్తే వాళ్లకి సరే అనాలి. ఇరవై సంబంధాలైతే మొదటి ఏడూ చూడటానికే అన్నమాట. ఇలా చేస్తే అందరిలోకీ ఉత్తమమైన మనిషి దొరికే అవకాశం కూడా 37 శాతమే. అంటే ఇంత లెక్క వేసుకున్నా మూడింట రెండు సార్లు తప్పుతుంది.

పైగా మన దగ్గర ఆ లెక్కలో ఏ షరతూ నిలవదు. మొత్తం ఎన్ని సంబంధాలు వస్తాయో ఎవరికీ తెలియదు. మనకి నచ్చినవాళ్లకి మనం నచ్చాలి. వద్దన్న సంబంధం ఆరు నెలల తర్వాత ఇంకో మధ్యవర్తి చేతిలో మళ్లీ ఇంటికొస్తుంది. గ్రహాల లెక్కలు తేల్చిన కెప్లర్ కూడా మొదటి భార్య పోయాక పదకొండు మందిని పరిశీలించి, వెనక్కొచ్చి ఐదో ఆవిడ సుసన్నానే 1613లో చేసుకున్నాడు.

నేను ఆ లెక్కలోంచి తీసుకునేది ఒక్కటే. మొదట కొందరితో మాట్లాడితే తప్ప మనకేం కావాలో మనకే తెలియదు. కానీ ఆ నేర్చుకోవడం ఎదుటివాళ్ల హాల్లో కూర్చుని, వాళ్ల అమ్మాయిని చీర కట్టించి నిలబెట్టి చేయొద్దు. ఫోన్లో చేయండి.

నాలుగో అడుగు: పెళ్లి చూపులకి ముందు ఒక ఫోన్

మా ఇంట్లో దీనికి పెద్ద యుద్ధమే జరిగింది. "చూడకుండా మాట్లాడటమేంటి" అన్నారు నాన్నగారు. మూడు సంబంధాలు ఇరవై నిమిషాల ఫోన్‌తోనే తేలిపోయేసరికి, కారు అద్దెలు మిగులుతున్నాయని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ ఇరవై నిమిషాల్లో మూడు తెలిస్తే చాలు. ఒకటి, ఈ పెళ్లి మీకు ఇష్టమేనా, ఇంట్లోవాళ్ల బలవంతమా? ఒకమ్మాయి మా పెద్దనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్యతో ఫోన్లో "నాకు వేరే అబ్బాయి ఇష్టం, మీరే వద్దని చెప్పండి" అంది. అన్నయ్య జాతకం కుదర్లేదని చెప్పి ఊరుకున్నాడు. రెండు, ఏ ఊళ్లో ఉంటారు? మూడు, మీ షరతులు మూడూ చెప్పి, వాళ్లవి అడగడం.

ఐదో అడుగు: పెళ్లి చూపులు

దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పదిమంది మధ్య పావుగంటలో ఎవరి గురించీ ఏమీ తెలియదు. ఇంట్లోవాళ్లు ఒకరి మాట ఒకరు వింటున్నారా, మాట్లాడనిస్తున్నారా, అమ్మాయి తరఫు ఆడవాళ్లకి కుర్చీ దొరికిందా, అంతవరకే గమనించండి. ఆ రోజు జవాబు ఇవ్వొద్దు. "రెండు మూడు సార్లు బయట కలుసుకుని చెబుతాం" అనండి. దానికి ఒప్పుకోని ఇల్లు రేపు ఇంకా చాలా వాటికి ఒప్పుకోదు.

ఆరో అడుగు: మూడు కలయికలు

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. మూడూ ఒకే కాఫీ షాపులో వద్దు. ఏసీలో, మంచి బట్టల్లో ఎవరైనా మంచివాళ్లే.

మొదటిసారి తెన్నేటి పార్కో, వుడా పార్కో, కూర్చుని మాట్లాడుకునే చోటు. ఆర్కే బీచ్ వద్దంటాను. సాయంత్రం అక్కడ మురీ మిక్స్చర్ బండి దగ్గర నిలబడితే పది నిమిషాల్లో మీ పిన్ని తోటికోడలైనా కనిపిస్తుంది.

రెండోసారి ఓపిక పట్టాల్సిన చోటికి వెళ్లండి. కైలాసగిరి రోప్‌వే క్యూ, ఆదివారం సింహాచలం దర్శనం లైను. ఎండ, ఆలస్యం, ఎవరో మధ్యలో దూరడం, చిల్లర దగ్గర ఆటో అతనితో పేచీ. మనిషి అప్పుడు బయటికొస్తాడు. హోటల్లో సర్వర్ నీళ్లు ఒలికిస్తే "ఫర్వాలేదు బాబూ" అంటారా, గొంతు లేస్తుందా? మనకంటే చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడతారో, పెళ్లయిన రెండేళ్లకి మనతో అలాగే మాట్లాడతారు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

మూడోసారి ఒకరి స్నేహితుల్ని ఒకరు కలవండి. స్నేహితులే లేరంటే ఎందుకు లేరో అడగండి.

ఇక అడగాల్సినవి. వరసగా ప్రశ్నపత్రంలా అడిగితే ఎదుటి మనిషి బిగుసుకుపోతారు. ముందు మీది చెప్పి, తర్వాత అడగండి.

ఊరి సంగతి. విశాఖలో సంబంధాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేస్తుంటారు, పెద్దవాళ్లేమో ఇక్కడ. "రెండేళ్లలో వైజాగ్ వచ్చేస్తాం" అన్న మాట నమ్మి చేసుకున్నవాళ్లు పదేళ్లుగా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనే కాపురం చేస్తున్నారు. వచ్చేస్తాం అంటే, ఏ కంపెనీకి, ఏ పనికి, జీతం తగ్గితే ఫర్వాలేదా అని అడగాలి. ఊళ్లోనే అయినా, ఒకరి ఉద్యోగం ఈ కొసన మధురవాడలో, ఇంకొకరిది ఆ కొసన కూర్మన్నపాలెం వైపు అయితే ఇల్లు ఎక్కడ? రోజూ ఎవరు ఆ ట్రాఫిక్‌లో పడాలి?

డ్యూటీ సంగతి. మావారిది ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఒక వారం రాత్రి, ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం. పండగలకి సెలవు గ్యారంటీ లేదు. నేవీ అయితే సెయిలింగ్, బదిలీలు. షిప్పు ఉద్యోగమైతే ఆరు నుంచి తొమ్మిది నెలలు సముద్రం మీదే, చాలామందికి షిప్పు ఎక్కితేనే జీతం. వీటిలో ఏదీ లోపం కాదు. కానీ మీకు జ్వరం వస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారో ముందే ఊహించుకోవాలి.

డబ్బు సంగతి. "నాకు చేతికి ఇంత వస్తుంది, చదువు లోను ఇంకా ఇంత ఉంది, అమ్మకి నెలకి ఇంత ఇస్తాను. మీకెలా?" ఈ మాట ఇంతకంటే తేలిగ్గా ఎలా అడగాలో నాకు తెలియదు. ఇంటి లోను, చిట్టీలు, బంగారం మీద తెచ్చిన అప్పు, స్నేహితుడికి పెట్టిన హామీ సంతకం, ఇంకా పెళ్లి కావాల్సిన చెల్లెలు, అన్నీ వినాలి. అప్పు ఉందని ఎవరినీ వద్దనకండి. ఉందని దాచినవాళ్లని వద్దనండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, ఇద్దరూ తీసి ఒకరిదొకరు చూసుకోవచ్చు. అడిగితే అనుమానం అనుకుంటారేమో అని భయపడ్డాను నేను. ఆయన ఫోన్ తీసి చూపించి, "నీదేదీ?" అన్నాడు.

పెద్దవాళ్లు, పిల్లలు. అత్తమామలతో కలిసి ఉంటామా, పక్కింట్లోనా? పిల్లలు ఎప్పుడు, అసలు కావాలా? మందు ఎంత? 'అప్పుడప్పుడూ' అంటే వారానికా, పండక్కా, రోజు మార్చి రోజా? ఇది నవ్వుతూనే అడగండి గానీ జవాబు గుర్తు పెట్టుకోండి.

ఆరోగ్యం. జాతకానికి పెట్టే శ్రద్ధలో పావు వంతు రక్తపరీక్షకి పెడితే బాగుండు. తలసీమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్తజబ్బులకి ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వాహకులు పైకి ఆరోగ్యంగానే ఉంటారు, హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతో బయటపడుతుంది. మేనరికం అయితే మరీ ముఖ్యం. మేనత్త మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు జన్యువులు ఒకటే ఉంటాయి, మేనమామకీ మేనకోడలికీ మధ్య నాలుగో వంతు. పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు మామూలు పెళ్లిళ్లలో కంటే బావామరదళ్ల పెళ్లిళ్లలో దాదాపు రెట్టింపు.

ఏడో అడుగు: సరిచూసుకోవడం

దీన్ని ఇద్దరి తరఫునా చెయ్యాలి, ఒకరికొకరు చెప్పే చెయ్యాలి. ఆఫీస్ ఐడీ కార్డు ఎవరైనా అచ్చేయించుకోవచ్చు. కంపెనీ ఇచ్చే ట్యాక్స్ కాగితం ఫామ్ 16, పీఎఫ్ పాస్‌బుక్ చూస్తే జీతం పడుతోందో లేదో తెలుస్తుంది. నా మొదటి సంబంధంలో పీఎఫ్ పాస్‌బుక్ ఒక్కటి చూసుంటే ఆ యాభై వేలు మిగిలేవి. ఆస్తి చూపిస్తే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, అమ్మకాలూ తాకట్లూ అందులో కనిపిస్తాయి. షిప్పు ఉద్యోగమంటే నావికులకి ఇచ్చే సీడీసీ పుస్తకం, ఇండోస్ అనే గుర్తింపు నంబరు ఉండాలి.

అంతకుముందు పెళ్లయి విడిపోయినవాళ్లైతే కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ కాపీ అడగండి. 'పెద్దల సమక్షంలో విడిపోయాం' అన్న కాగితం ఒక్కటే చాలదు. మొదటి పెళ్లి చట్టం ప్రకారం రద్దు కాకపోతే రెండోది చెల్లదు.

వీధిలో విచారణ కూడా పనికొస్తుంది, కానీ ఎదురింటి ఆంటీని అడగొద్దు. ఆవిడకి ఏదో ఒక పాత పేచీ ఉంటుంది. సందు చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి. ఎవరింట్లో అరుపులు వినిపిస్తాయో, ఎవరు డబ్బులు బాకీ పెడతారో అతనికి తెలుసు.

ముఖ్యమైన సంగతి దాచి చేసిన పెళ్లిని హిందూ వివాహ చట్టం కింద కోర్టులో రద్దు కోరవచ్చు గానీ, మోసం తెలిసిన ఏడాది లోపే పిటిషన్ వెయ్యాలి. ఆ దారి ఎంత పొడుగో నడిచినవాళ్లని అడగండి.

ఎనిమిదో అడుగు: కట్నం మాట

ఇప్పుడు ఎవరూ కట్నం అనరు. 'లాంఛనాలు', 'మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది', 'మా పెద్దబ్బాయికి ఇంత ఇచ్చారు' అంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. కనీసం ఐదేళ్ల జైలు, పదిహేను వేలకో కట్నం విలువకో ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా. చట్టం సంగతి అలా ఉంచి, పెళ్లికొడుకుని విడిగా ఒక్క మాట అడగండి: "మీ ఇంట్లోవాళ్లు అడిగితే మీరేమంటారు?" "అది పెద్దవాళ్లు చూసుకుంటారు" అన్నాడంటే, పెళ్లయ్యాక ప్రతి గొడవలోనూ ఆ మాటే వింటారు.

పెళ్లి ఖర్చు సగం సగం అని మాట్లాడుకుంటే, ఆ సగంలో ఏవేవి వస్తాయో కాగితం మీద రాసుకోండి. మా చెల్లి పెళ్లిలో బ్యాండు ఎవరి ఖాతాలోదో తేలక గొడవ అప్పగింతల వేళ దాకా సాగింది.

తొమ్మిదో అడుగు: తేల్చుకోవడం

మూడో కలయిక తర్వాత పది రోజులు గడువు పెట్టుకోండి. అందులో రెండు రోజులు ఆ మనిషితో ఫోన్, మెసేజ్ ఏదీ వద్దు. మాట్లాడుతున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది.

ఆ రెండు రోజుల్లో, మీరు కళ్లారా చూసిన మూడు లోపాలు రాయండి. ఒక్కటీ తోచకపోతే మీరింకా మనిషిని చూడలేదు, బయోడేటానే చూస్తున్నారు. ఇంకోసారి కలవండి. రాసినవాటి పక్కన 'పెళ్లయ్యాక మారతారు' అని మనసులో అనిపిస్తే ఆ ఆశని కొట్టేసి, ఇలా అడగండి: నలభై ఐదేళ్లకి కూడా ఇలాగే ఉంటే నేను ఉండగలనా? మావారి విషయంలో నేను రాసింది: 'ఏ సంగతైనా మూడు రోజులకి గాని చెప్పడు.' ఇప్పటికీ అంతే. మొన్న ప్రమోషన్ వచ్చిన సంగతి నాకు పక్కింటి వాళ్లు చెప్పారు.

భయానికీ అనుమానానికీ తేడా తెలుసుకోవాలి. భయం పెళ్లి మీద ఉంటుంది. ఎదురుగా ఎవరున్నా వస్తుంది, ఇల్లు వదలాలంటే ఎవరికైనా వస్తుంది. అనుమానం ఆ మనిషి మీద ఉంటుంది, దాని వెనక ఒక సంఘటన ఉంటుంది: ఫలానా రోజు ఫలానా మాట రెండు రకాలుగా చెప్పాడు, జీతం అడిగితే మాట మార్చింది. భయమైతే ముందుకెళ్లొచ్చు. అనుమానమైతే ఆ సంఘటన గురించి నేరుగా అడిగి, జవాబు విని, అప్పటికీ పోకపోతే ఆగిపోండి. నా మొదటి సంబంధంలో ఆ అబ్బాయి వారం మధ్యలో ఎప్పుడు ఫోన్ చేసినా ఖాళీగా ఉండేవాడు. నాకు అది తట్టింది. అడగడానికి సిగ్గేసింది.

కొన్నిటికి పది రోజులు అక్కర్లేదు. మీ ఫోన్ అడిగి చూడటం, ఎవరితో మాట్లాడాలో చెప్పడం, కోపంలో వస్తువులు విసరడం, ముందు ఒప్పుకున్న ఉద్యోగం గురించి 'అప్పుడు చూద్దాం' అనడం. అదే రోజు వద్దనేయండి.

"మాఘం దాటితే మూఢం వచ్చేస్తుంది, ఇప్పుడే తేల్చండి" అంటారు. మూఢం వస్తుంది, పోతుంది. ముహూర్తాలు మళ్లీ ఉంటాయి.

ఇద్దరికీ ఇష్టమై ఇళ్లలో ఒప్పుకోకపోతే, మతాలు వేరైతే, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి. నోటీసు పెట్టాక 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి కావాలి. ఆ ముప్పై రోజులూ నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేలా ఉంటుందని గుర్తుంచుకోండి.

పదో అడుగు: చెప్పడం

వద్దనుకుంటే తేల్చుకున్న రోజే చెప్పండి. "మీ అమ్మాయి మంచిది, మా ఆలోచనలు కలవలేదు, మీరు వేరే చూసుకోండి" అంటే చాలు. కారణాల జాబితా అక్కర్లేదు, జాతకం మీదికి నెట్టినా పాపం లేదు. ఫోన్ ఎత్తకుండా నానబెట్టడం మాత్రం వద్దు. అవతల ఒక ఇల్లు మీ ఫోన్ కోసం ఇంకో సంబంధాన్ని ఆపుకుని కూర్చుని ఉంటుంది.

సరే అనుకుంటే ముందు ఆ మనిషికి మీరే చెప్పండి, తర్వాత పెద్దవాళ్లకి. నేను తెన్నేటి పార్కులో చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "రాత్రి షిఫ్ట్ చేసొచ్చిన వారం పొద్దున్న పదింటిదాకా ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, కుదురుతుందా?" అని అడిగాడు. పచ్చడి రోట్లో నూరతానన్నాను. రోలు చప్పుడు ఇంకా ఎక్కువన్నాడు. దాని మీద అరగంట వాదించుకుని, ముందు రోజు రాత్రే నూరుకోవాలని తేల్చాం.